పడమటి గాలి, పొగ, పిల్లలు: నెల్లూరు, ఒంగోలు తల్లులు నన్ను అడిగే ప్రశ్నలు

పుట్టిల్లు ఒంగోలు, మెట్టినిల్లు నెల్లూరు. రెండు ఊళ్ళ ఎండా నాకు బాగా తెలుసు. హైస్కూల్లో సైన్సు చెబుతాను, ఇద్దరు పిల్లల తల్లిని. శివరాత్రి వెళ్ళిందంటే చాలు, పేరెంట్స్ మీటింగుల్లోనూ అపార్ట్‌మెంట్ మెట్ల మీదా చివరికి చేపల మార్కెట్లో కూడా ఇవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, మందుల డోసులు మాత్రం నన్ను అడగొద్దు.

సముద్రం పక్కనే ఉండి కూడా మనకింత ఎండ ఏందక్కా?

నెల్లూరు నుంచి మైపాడుకైనా, ఒంగోలు నుంచి కొత్తపట్నానికైనా గట్టిగా పాతిక కిలోమీటర్లు. అయినా మే నెలలో ఒకరోజు 37 దగ్గర ఆగుతుంది, మర్నాడు 43 దాటుతుంది. సూర్యుడు అదే, మారింది గాలి. రాయలసీమ మీంచి వచ్చే పడమటి గాలి నల్లమల, వెలిగొండలు దాటి మనవైపు కిందికి దిగుతుంది. అలా దిగే పొడిగాలి ప్రతి వంద మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. అది బలంగా వీచినంతసేపూ సముద్రపు గాలిని ఊళ్ళోకి రానివ్వదు. పన్నెండింటికే గాలి తిరిగిందా, ఆ రోజు బతికిపోయినట్టే. సాయంత్రం నాలుగైనా తిరగకపోతే అదే వడగాడ్పు.

అందుకే పొద్దున లేచి నేను ఫోన్లో డిగ్రీలు చూడను. ఎదురింటి కొబ్బరి మట్టలు ఎటు వంగాయో చూస్తాను. పదకొండు గంటలకు కూడా అవి తూర్పుకే వంగి ఉంటే ఆ రోజు పిల్లలకు బయట పని పెట్టను.

గాలి తిరిగాక ఇంకో బాధ, ఉక్కపోత. డిగ్రీలు తగ్గుతాయి, తేమ పెరుగుతుంది, చెమట పడుతుంది గానీ ఆరదు. ఒంటికి చల్లదనం ఇచ్చేది చెమట పట్టడం కాదు, అది ఆరడం. కాబట్టి 36 డిగ్రీల ఉక్కలో ఆడుకునే పిల్లవాడు కూడా సొమ్మసిల్లవచ్చు. గాడ్పు, ఉక్క రెండూ వేరు వేరు శత్రువులు. ఒకదానికి పనికొచ్చే కిటుకు రెండోదానికి పనికిరాదు. కింద కూలర్ సంగతి చెప్పేటప్పుడు ఇదే మళ్ళీ వస్తుంది.

రోహిణి కార్తె పోతే గండం గడిచినట్టే గదా?

మన జిల్లాల్లో గడిచినట్టు కాదు. రోహిణి జూన్ 7 ప్రాంతంలో వెళ్ళిపోతుంది, 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. కేరళలో వానలు పడుతున్నాయని టీవీలో చూసి మనమూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాం. కానీ నైరుతి బలపడితే మనకు వచ్చేది ముందు వాన కాదు, ఆ పడమటి గాలే. నెల్లూరుకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య పడేవి. కొత్త బూట్లు, మెడకు బిగించిన టై, ఏడెనిమిది కేజీల సంచీతో పిల్లవాడు బడికి వెళ్ళే మొదటి వారమే చాలా ఏళ్ళు మే నెల ఎండతో పోటీ పడుతుంది. జూన్ నెలంతా టై వద్దని బడిలో అడగండి. నలుగురు కలిసి అడిగితే ఒప్పుకుంటారు. నేను టీచర్నే, మాకూ తెలుసు.

వడగాలులు అని ప్రకటించడానికి లెక్క ఏమిటి?

వాతావరణ శాఖ మైదాన ప్రాంతాలకు 40 డిగ్రీలు, తీరప్రాంతానికి 37 డిగ్రీలు అడ్డుకొలతగా పెట్టుకుంది. అది దాటి, మామూలుగా ఆ రోజుకు ఉండాల్సిన దానికంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. 6.4 మించితే తీవ్ర వడగాలి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్ళు, ముసలివాళ్ళు. ఆ రోజుల్లో మా నాన్న మధ్యాహ్నం తలుపు తీస్తే మా అమ్మ తిట్టేది.

మేమంతా ఎండలో గోళీలాడి పెరిగాం. ఈ కాలం పిల్లలే ఇట్టా సుకుమారం ఎందుకయ్యారు?

ఈ ప్రశ్న అడిగేది ఎప్పుడూ అత్తగార్లే, మా అత్తయ్యతో సహా. సమాధానం సగం పిల్లల ఒంట్లో ఉంది, సగం ఊళ్ళో ఉంది.

పిల్లల బరువుతో పోలిస్తే వాళ్ళ చర్మం వైశాల్యం ఎక్కువ. బయట ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ చర్మమంతా వేడిని లోపలికి లాగుతుంది. చెమట పెద్దలంత పట్టదు. ఆటలో పడితే దాహం గుర్తుండదు. పెద్దవాళ్ళు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తే, చంటిబిడ్డ ముప్ఫైకి పైనే తీస్తుంది. అంటే బరువు లెక్కన మనకంటే ఎక్కువ గాలి, ఆ గాలితో పాటే ఎక్కువ ధూళి. పైగా వాళ్ళ ముక్కు బండి సైలెన్సర్ ఎత్తులోనే ఉంటుంది. ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్న వయసు. ఇవన్నీ అత్తయ్య చిన్నప్పుడూ ఉన్నవే.

మారింది ఊరు. అప్పుడు గోళీలాడింది వేపచెట్టు కింద, మట్టి నేల మీద. సాయంత్రం కళ్ళాపి చల్లితే నేల చల్లబడేది. ఇప్పుడు నేల సిమెంటు, గోడ సిమెంటు, పైకప్పు సిమెంటు. పగలంతా తాగిన వేడిని రాత్రి పదకొండు దాకా కక్కుతూనే ఉంటాయి. పగటి ఎండ నుంచి ఒళ్ళు తేరుకునేది రాత్రి నిద్రలోనే, ఆ నిద్రే ఇప్పుడు దొరకడం లేదు.

ఒంటిపూట బడి పెట్టారుగా, ఇంకేం భయం?

ఒంటిపూట బడి మంచిదే. కానీ 7:45కు మొదలై 12:30కు వదులుతారు. అంటే పిల్లల్ని నీడలో కూర్చోబెట్టి, సరిగ్గా ఎండ నడినెత్తికి వచ్చాక రోడ్డు మీదికి పంపుతున్నాం. మావాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు తొమ్మిదిమంది పిల్లలున్న ఆటోలో వస్తూ అండర్ బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. ఇరవై నిమిషాలు. పైన రెగ్జిన్ టాపు, ముందు లారీ పొగ. ఇంటికొచ్చేసరికి ముఖం ఎర్రగా కందిపోయి, గడపలోనే వాంతి చేసుకున్నాడు. బాటిల్ చూస్తే చుక్క నీళ్ళు లేవు, పదకొండింటికే అయిపోయాయట. ఆ రోజు నుంచి మా ఇంట్లో రూలు ఒకటే. బాటిల్ నిండుగా ఉండాల్సింది బడికి వెళ్ళేటప్పుడు కాదు, బడి నుంచి వచ్చేటప్పుడు. చివరి వాటర్ బెల్ కొట్టినప్పుడు నింపుకుని, ఆటోలో తాగాలి.

ఆటో అన్నతో మాట్లాడండి. మెయిన్ రోడ్డు కాకుండా నీడ ఉన్న సందుల్లోంచి రావడం, అందరికంటే చిన్నపిల్లల్ని ముందు దింపడం ఆయన చేతిలో పనే. నడిచివచ్చే పిల్లలకు గొడుగు ఇవ్వండి. మగపిల్లలు సిగ్గుపడతారు, రెండు రోజులు. ఇంట్లో ఎవరూ లేని పిల్లల్ని మూడింటి దాకా వరండాలో ఉండనిచ్చే బడి దొరికితే అంతకంటే కావాల్సింది లేదు.

కారున్నవాళ్ళకు ఒక మాట. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది. అద్దం కాస్త దించినా పెద్దగా తేడా రాదు. "ఒక్క నిమిషం, పాల ప్యాకెట్ తెస్తా" అని బిడ్డను లోపల వదలొద్దు.

వడదెబ్బ అని ఎట్టా కనుక్కోవాలి? ముందు ఏం చేయాలి?

బాగా చెమట, తలనొప్పి, వికారం, కాళ్ళు పీకడం, నీరసం ఇవన్నీ మొదటి మెట్టు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, కొంచెం కొంచెంగా ద్రవాలు పట్టిస్తే చాలావరకు తేరుకుంటారు. రెండో మెట్టు వేరు. పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడతాడు, తూలతాడు, పిలిస్తే సరిగా పలకడు, ఫిట్స్ రావచ్చు. ఒళ్ళు 40 డిగ్రీలు, అంటే 104 ఫారన్‌హీట్, దాటి కాలిపోతుంటుంది. అదే వడదెబ్బ. ఆగి ఆలోచించే టైం లేదు.

ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు. బట్టలు తీసి ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోస్తూ గట్టిగా విసరండి. మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేని పిల్లల నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎక్కువమంది చేసే తప్పు జ్వరం అనుకుని పారాసిటమాల్ సిరప్ వేయడం. జ్వరంలో మెదడు తానే వేడి పెంచమంటుంది, మందు ఆ మాటను ఆపుతుంది. వడదెబ్బలో వేడి బయటి నుంచి వచ్చింది, మెదడు చేతిలో లేదు. మందు పని చేయదు, నీళ్ళూ గాలీ చేస్తాయి. ఉల్లిపాయ రసం అరికాళ్ళకు రాయడం కూడా మా ఇళ్ళల్లో ఉంది. ఉల్లిపాయ తరిగే ఆ రెండు నిమిషాలు బకెట్ నీళ్ళకు వాడండి.

ఓఆర్ఎస్ అని టెట్రా ప్యాకుల్లో అమ్మేవి మంచివేనా?

తియ్యగా ఉంటాయి, పిల్లలు ఇష్టంగా తాగుతారు, అసలు ఇబ్బందే అది. చక్కెర ఎక్కువైతే పేగులు నీళ్ళు పీల్చుకోవడం మాని, విరేచనాలను పెంచుతాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్ అడగండి. దాని మీద ఒక లీటరు నీళ్ళలో కలపమని రాసి ఉంటే మొత్తం లీటరులోనే కలపాలి. గ్లాసుడు నీళ్ళలో చిటికెడు వేసే అలవాటు తప్పు. ఏదీ దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు అంచుకు సమంగా, గుట్ట లేకుండా ఆరు టీస్పూన్ల పంచదార, అలాగే సమంగా అర టీస్పూన్ ఉప్పు.

విరేచనాలు, వాంతులు లేని మామూలు రోజుకు అంత హడావిడి అక్కర్లేదు. ఉప్పేసిన పలచటి మజ్జిగ, రాగి జావ, ముంజలు, పుచ్చకాయ, కొబ్బరినీళ్ళు చాలు. పొద్దున్నే పెరుగు కలిపిన సద్దన్నం తిని వెళ్ళిన పిల్లవాడికి బిస్కెట్లు తిన్నవాడికంటే ఒంట్లో నీరు ఎక్కువ. ఆరు గంటలుగా ఒంటికి పోయలేదంటే, పోసినా టీ డికాక్షన్ రంగులో ఉందంటే నీళ్ళు చాలలేదని అర్థం.

నాలుగు నెలల పాపకు దాహం వేస్తుంది గదా, రెండు చెంచాలు నీళ్ళు పోయొచ్చా?

వద్దమ్మా. ఆరు నెలల లోపు తల్లిపాలే నీళ్ళు కూడా. ఎండాకాలం ఎక్కువసార్లు పట్టించండి, తాగాల్సింది మీరు.

కూలర్ కొనాలా, ఏసీ కొనాలా? ఫ్యాను గాలి నిప్పులా తగులుతోంది.

గదిలో గాలి 40 దాటితే ఫ్యాను చేసేది వేడిగాలిని ఒంటి మీదికి ఊదడమే. అప్పుడు ఒళ్ళు తడిపి ఫ్యాను కింద ఉంటేనే ఉపయోగం. కూలర్ గాడ్పు రోజుల్లో బ్రహ్మాండం. ఉక్క రోజుల్లో గదిని ఆవిరి కుడుముల గిన్నె చేస్తుంది. కనిగిరి, పొదిలి వైపు వాళ్ళకు కూలర్ ఎక్కువ రోజులు పనికొస్తుంది, తీరం దగ్గరున్న మనకు తక్కువ.

నన్నడిగితే డబ్బు ముందు పైకప్పు మీద పెట్టమంటాను. స్లాబు మీద రెండు పూతలు సున్నం గానీ తెల్లటి కూల్ పెయింట్ గానీ వేస్తే కింది గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గడం మామూలే. ఫిబ్రవరిలో వేయించండి, ఏప్రిల్లో మనిషి దొరకడు. రేకుల ఇల్లయితే రేకుకు జానెడు పైన తాటాకులో కొబ్బరి తడికెలో పరిస్తే ఎండ రేకును తాకదు. తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మనకు అంతకన్నా ముందు నుంచీ సున్నం తెలుసు, మర్చిపోయాం అంతే.

కిటికీలు పొద్దున తొమ్మిదికి మూసి, గాలి తిరిగాక తెరవండి. వంటగది కిటికీకి మాత్రం ఈ రూలు వద్దు.

మనది ఢిల్లీ కాదు గదా. ఇక్కడ గాలికేమైంది?

ఢిల్లీ కాదు, నిజమే. కానీ కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో నెల్లూరు ఉంది, ఒంగోలూ చేరింది. మనకు ముఖ్యంగా ధూళి సమస్య. దాన్ని రెండుగా కొలుస్తారు. పీఎం 10 రోడ్డు దుమ్ము లాంటిది, ముక్కులో, గొంతులో ఆగుతుంది. పీఎం 2.5 వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి పోయి రక్తంలోకీ దిగుతుంది. పీఎం 2.5కు మన దేశ ప్రమాణం ఏడాది సగటున ఘనమీటరు గాలికి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. ఆ రెండింటి మధ్య దూరం చూడండి. మన లెక్కలో పాసైన గాలి కూడా పిల్లలకు మేలు చేసేదని కాదు.

ఎక్కడి నుంచి వస్తుందంటే, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆగకుండా పోయే లారీలు, పరదా కట్టని ఇసుక ట్రాక్టర్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ టిప్పర్లు, రోడ్డు పక్క తవ్వి వదిలేసిన మట్టి. కృష్ణపట్నం వైపు బొగ్గు, థర్మల్ కేంద్రాలు. నేలటూరులోని దామోదరం సంజీవయ్య కేంద్రం ఒక్కటే 2400 మెగావాట్లు. పొగగొట్టంలోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కొంత దూరం పోయాక అదే పీఎం 2.5గా మారుతుంది.

ఎండకూ దీనికీ చుట్టరికం ఉంది. బండ్ల పొగలోని వాయువుల మీద గట్టి ఎండ పడితే ఓజోన్ పుడుతుంది. ఎక్కడో పైన ఉంటే మేలు చేసే ఓజోనే, ముక్కు దగ్గర ఉంటే శ్వాసనాళాన్ని ఒరుస్తుంది. మే నెల మధ్యాహ్నం ఉబ్బసం పిల్లల్ని బయటికి పంపొద్దనడానికి అదో కారణం.

ఫోన్లో చూపించే ఏక్యూఐ, అదే గాలి నాణ్యత అంకె, నమ్మొచ్చా?

దగ్గర్లో గాలిని కొలిచే మిషన్ ఉంటే నమ్మొచ్చు. లేనిచోట చాలా యాప్‌లు ఉపగ్రహాల లెక్కతో అంచనా వేసి చూపిస్తాయి, మీ సందు చివర కాలుతున్న చెత్త వాటికి కనిపించదు. కేంద్ర కాలుష్య మండలి వాళ్ళ సమీర్ యాప్ కొలిచినదే చూపిస్తుంది. 100 లోపు అయితే మామూలు పిల్లలకు ఫర్వాలేదు. 200 దాటితే ఆటలు ఆపండి. దానికంటే ముందు మీ ముక్కును నమ్మండి.

ఇంట్లో ఉంటే పొగ నుంచి తప్పించుకున్నట్టే గదా?

నెల్లూరు దోమల సంగతి తెలిసీ ఈ మాట ఎట్టా అంటారు? దోమల కాయిల్ వెలిగించని ఇల్లు చూపించండి. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. తలుపులు బిగించి, కాయిల్ మంచం కింద పెట్టి, పక్కన చంటిబిడ్డను పడుకోబెడతాం. ఇంటాయన సిగరెట్ మానేశాడని గొప్పగా చెప్పుకుంటాం. దోమతెర కట్టండి, కిటికీలకు మెష్ కొట్టించండి. ఇంటి ముందు కాలవ పూడిక తీయమని వార్డు సచివాలయంలో అర్జీ పెట్టండి.

రెండోది సాంబ్రాణి. బిడ్డకు నీళ్ళు పోశాక బుట్ట కింద నిప్పులేసి జుట్టు ఆరబెట్టడం మా అమ్మ నాకు చేసింది, నా పాపకూ చేయాలని పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. రెండు నెలలు మాటల్లేవు అనను గానీ, ముభావంగా ఉంది. ఆ వాసన నాకూ ఇష్టమే. కానీ రోజూ పొగ పీల్చే బిడ్డకు దగ్గు, పిల్లికూతలు పట్టుకుంటాయి. మెత్తటి తువ్వాలుతో ఒత్తి, అయిదు నిమిషాలు ఎండ తగలనిస్తే జుట్టు ఆరుతుంది. చివరికి దేవుడి గదిలో వేసి, పాపను వేరే గదిలో ఉంచేలా రాజీ కుదిరింది.

మా ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ పని. పిల్లలకు ఏమన్నా అవుతుందా?

బట్టల మీద, తల మీద ఇంటికొచ్చే పొడిని పిల్లలే పీలుస్తారు. నాన్న రాగానే ఎగిరి మెడకు చుట్టుకునేది వాళ్ళే గదా. ఫ్యాక్టరీలోనే స్నానం చేసి వేరే బట్టలు వేసుకుని రావడం మంచిది. కుదరకపోతే గుమ్మం బయటే విప్పి, దులపకుండా నేరుగా నీళ్ళలో నానబెట్టండి. ఆయన బట్టలు విడిగా ఉతకండి. ఇంట్లో చీపురుకంటే తడిగుడ్డ మేలు. ఆయనకు మాత్రం తడి కటింగ్ (నీళ్ళు పోస్తూ రాయి కోయడం), సరైన మాస్కు తప్పవు. దగ్గు నెల దాటితే ఎక్స్‌రే తీయించండి.

మా వీధిలో రోజూ చెత్త తగలబెడతారు. ఎవరికి చెప్పాలి?

నగరపాలక సంస్థకు రాతపూర్వకంగా, ఫోటో జతచేసి. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తమైతే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే చెప్పింది. భోగికి టైర్లు వేసే కుర్రాళ్ళకు జరిమానా గురించి చెబితే నవ్వుతారు. ముందు రోజే పది పిడకలు, రెండు మొద్దులు మీరే తెచ్చిస్తే టైరు జోలికి పోరు. మా వీధిలో పనిచేసింది.

బాబుకు చలికాలంలో ఆయాసం. ఇన్‌హేలర్ వాడితే అలవాటు పడిపోతాడంటున్నారు.

అలవాటు పడడు. సిరప్ ఒళ్ళంతా తిరిగి వెళ్ళే చోటికి ఇన్‌హేలర్ మందు నేరుగా, చాలా తక్కువ మోతాదులో చేరుతుంది. చిన్నపిల్లలకు స్పేసర్‌తోనే, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతోనే వాడాలి. డాక్టర్ చెప్పకుండా, బాగుందని మధ్యలో ఆపేయడమే అసలు తప్పు. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా పెద్దాసుపత్రికి పరుగెత్తండి. పడుకున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి అయిదేళ్ళ వాళ్ళకు 40, అంతకు తగ్గకుండా ఉంటే అది వేగం.

మాస్కు?

గుడ్డ మాస్కు, తడి కర్చీఫ్ రోడ్డు దుమ్మును ఆపుతాయి, పొగను ఆపవు. ఎన్95 ఆపుతుంది గానీ చిన్నపిల్లల ముఖానికి అతకదు. రెండేళ్ళలోపు వాళ్ళకు అసలు వద్దు.

మా చెల్లెలికి ఏడో నెల. తనూ జాగ్రత్తపడాలా?

అందరికంటే ఎక్కువ. వేడి, ధూళి రెండింటికీ నెలలు నిండకుండా కాన్పు కావడంతోనూ, బిడ్డ బరువు తగ్గడంతోనూ సంబంధం ఉందని చాలా దేశాల్లో చూశారు. చెకప్‌కు పొద్దున్నే వెళ్ళేలా చూడండి. ఓపీ క్యూలో తన బదులు ఇంకొకరు నిలబడండి.

పిల్లల్ని ఏ టైములో ఆడుకోనివ్వాలి?

ఎండాకాలం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, మళ్ళీ అయిదున్నర తర్వాత. చలికాలం దీనికి తలకిందులు. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున చల్లటి గాలి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, పొగ పైకి పోలేదు. మంచు అనుకునే దాంట్లో కొంత పొగే. మేలో మంచిదైన ఆరు గంటలే జనవరిలో చెడ్డది. ఎండ పొడిచాక, తొమ్మిది దాటాక పంపండి.

రాత్రి డాబా మీద పడుకోబెట్టొచ్చా?

నిక్షేపంగా. సాయంత్రం ఆరున్నరకు నాలుగు బకెట్లు నీళ్ళు చల్లండి, ఒక్కసారే కాకుండా రెండు విడతలుగా. తొమ్మిదికి చెయ్యి ఆనించి చూడండి, ఇంకా వెచ్చగా ఉంటే చాప కాదు, నులక మంచం వేయండి, కింద గాలి ఆడుతుంది. దోమతెర తప్పదు. పిట్టగోడ పొట్టిగా ఉంటే చిన్నవాళ్ళను మధ్యలో పడుకోబెట్టండి. మావాళ్ళు మాత్రం ఎప్పుడూ అంచు దగ్గరే పడుకుంటామని పేచీ, సముద్రపు గాలి ముందు వాళ్ళకే తగలాలట.